బ్రేకు రాడ్డు

బిక్షమ్మ మోకాళ్లు అరిగిపోయాయని నల్గొండ డాక్టరు చెప్పిన కొద్ది రోజులకే రఘుపతి బత్తాయి తోటలో ఆమె కూలి ఆగిపోయింది. ఆగిపోయిందని ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే సద్ది కట్టుకుని పోయేసరికి, ఆమె చేసే పాదుల పని ఇంకో మనిషి చేస్తూ కనిపించింది, అంతే.

పెళ్లయి వచ్చిన ఏటి నుంచీ ఆమె ఆ తోటలోనే నడుం వంచింది. మొగుడు పోయిన తర్వాత కూడా ఆ పనే అన్నం పెట్టింది, పిల్లను చదివించింది. రోడ్డు పక్కన ఇల్లు కట్టుకోవడానికి జాగా ఇస్తానని రఘుపతి ఎప్పుడో ఒక మాటన్నాడు. ఆ మాట ఆయన మరిచిపోయాడేమో గాని ఆమె మరిచిపోలేదు. కాయ తెంపే మనుషులందరూ చుట్టూ ఉండగానే అడిగేసింది.

"పటేలా, ఇగ నాకు శాతనైత లేదు. గా జాగ సంగతి జర జూడరాదు."

రఘుపతి కసిరే మనిషి కాదు. కూలీలతో వరసలు కలిపి, నవ్వించి, పని చేయించుకునే మనిషి. ఆ రోజూ నవ్వించాడు. షెడ్డు వెనక తుమ్మచెట్టు కింద ఏళ్ల తరబడి తుప్పు పట్టి ఉన్న చిన్న డీజిల్ ట్రాక్టర్ వైపు చెయ్యి చూపించాడు.

"జాగ ఏం జేస్కుంటవ్ బిక్షమ్మా? నీ బిడ్డ మెకానిక్ గదా, గా ట్రాక్టర్ తీస్కపో. దాని మీద కూసుంటే ఇగ నీకు మోకాళ్లతోని పనే లేదు."

అందరూ పడీ పడీ నవ్వారు. బిక్షమ్మ నవ్వలేదు. "అందరు ఇన్నరు గదా" అని మాత్రం అంది.

ఆ మాటను నిజం చేసింది ఆమె కూతురు గ్రేస్. ముప్పైకి దగ్గర పడిన మనిషి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు చేసి, నల్గొండలో ఒక ట్రాక్టర్ల షెడ్డులో పని చేస్తూ రోజూ బస్సులో వచ్చి పోయేది. తల్లి ఏడుస్తూ ఈ సంగతి చెబితే ఆమె ఏడవలేదు. మర్నాడే మేనమామ ఇస్రాయేలును వెంటబెట్టుకుని, రెండెడ్లు కట్టి, ఆ బండిని తోటలో నుంచి ఈడ్చుకొచ్చింది. గేటు దగ్గర రఘుపతి స్వయంగా నిలబడి, "పైలం, ఊడిపడ్డ నట్లు గూడ ఏరుకపోండి" అని హాస్యమాడాడు.

ఇస్రాయేలుకు ఆ ట్రాక్టరంటే పాత స్నేహం. అది కొత్తగా వచ్చిన రోజుల్లో దాన్ని నడిపింది అతనే. పెద్ద ట్రాక్టర్ బత్తాయి చెట్ల మధ్యకు పోతే కొమ్మలు విరుగుతాయి. ఇది గొర్రెలా కిందినుంచి దూరిపోయేది. ఇప్పుడతనికి యాభై దాటింది. ఊళ్లో రైతుల కొడుకులు ఎవరి ట్రాక్టర్లు వాళ్లే తోలుకుంటుండడంతో డ్రైవర్ పని దొరక్క, భార్య గుర్వమ్మ తెచ్చే కూలి మీద బతుకుతున్నాడు. బండిని గ్రేస్ ఇంటి ముందు రేకుల పందిరి కిందికి నెట్టినప్పుడు దాని స్టీరింగ్ పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు.

విప్పి చూస్తే లోపల ఏమీ మిగల్లేదు. ఎయిర్ ఫిల్టర్లో ఎలుకలు గూడు పెట్టాయి. ఆయిల్ ఉండాల్సిన చోట తుప్పునీళ్లున్నాయి. పిస్టన్ లైనరుకు పట్టేసి రాయిలా బిగుసుకుంది. గ్రేస్ దానిలో డీజిల్ పోసి నాననిచ్చి, కట్టె మొద్దు పెట్టి సుత్తితో కొట్టి, మళ్లీ నాననిచ్చి, మళ్లీ కొట్టి, ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే కొట్టిన దెబ్బకు అది కదిలింది. ఆ కాస్త కదిలినందుకే మేనమామా మేనకోడలూ పండగ చేసుకున్నారు.

ఆ వానాకాలం, ఆ చలికాలం ఆమె జీతమంతా ఆ రేకుల పందిరి కిందికే పోయింది. కొత్త లైనర్, కొత్త రింగులు వేసింది. క్రాంకును లేత్ మిషన్ మీద సాపు చేయించింది. నాజిల్ మార్చింది. బానెట్టు జల్లెడలా చిల్లులు పడి ఉంటే డ్రమ్ము రేకు కోసి అతుకులేసింది. పాతది పాతగానే బాగుచేస్తే సరిపోదనుకుంది. ఇదివరకు దాన్ని చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చెయ్యాల్సి వచ్చేది. ఒకసారి ఆ హ్యాండిలే వెనక్కి తన్ని ఇస్రాయేలు మణికట్టు విరగ్గొట్టింది. అందుకని బ్యాటరీ పెట్టి సెల్ఫ్ బిగించింది. ఇనప సీటు తీసేసి స్ప్రింగుల సీటు వేసింది. కల్వకుర్తి పాత సామాన్ల దుకాణంలో ఇంకో కంపెనీ చిన్న ట్రాక్టర్ బ్రేకు డ్రమ్ములు దొరికితే తెచ్చి, లేత్ మీద వీటికి సరిపడేలా చేయించి, కొత్త బ్రేకు లైనర్లతో బిగించింది. మట్టి గుల్ల చేసే రొటవేటర్ తగిలించడానికి వెనక లిఫ్ట్ పెట్టింది. టైర్లు కొత్తవి వేసింది.

"నేను నడిపిన్నాడు దీనికి బ్రేకులే లేకుండె" అని ఇస్రాయేలు నవ్వేవాడు. "దిగుడు రాకముందే ఫస్టు గేర్ల ఏసుకుంటుంటి. గేరే బ్రేకు."

ఎండాకాలం మొదట్లో అది స్టార్టయింది. ఒకసారి నల్లటి పొగ కక్కి, దగ్గి, తర్వాత టకటకమని అందుకుంది. బిక్షమ్మ గడపలో కూర్చుని నవ్వుతూ చేతులు జోడించింది. బండి తమ చేతికి వచ్చిన తర్వాత ఆమె నవ్వడం గ్రేస్ చూసింది అప్పుడే.

పని దానంతటదే వచ్చింది. చుట్టుపక్కల బత్తాయి తోటలవాళ్లందరికీ అంత సన్నటి బండి కావాలి. గ్రేస్ షెడ్డు పని తగ్గించుకుని తనే నడపసాగింది. మొదట్లో గట్టు మీద నిలబడి చూసి నవ్వినవాళ్లే తర్వాత ఫోన్లు చేశారు. బిక్షమ్మ మోకాళ్లకు మందులు రావడం మొదలైంది.

చెడిపోయింది ఒక్క మాటతో. రఘుపతి పక్కతోట రైతు ఒకాయన, ఊళ్లో ఒక పెళ్లి భోజనాల దగ్గర నలుగురిలో, "నీ ట్రాక్టర్ మా తోటల భలే నడుస్తాందయ్యా రఘుపతి! నీకు పనిజెయ్యలేదు గని బిక్షమ్మ బిడ్డకు జేస్తాంది" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వించడమే గాని నవ్వులపాలు కావడం రఘుపతికి అలవాటు లేదు. విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

వారం తిరక్కుండా పంచాయతీ ఆఫీసు ముందు పెద్దమనుషులు కూర్చున్నారు. రఘుపతి ట్రాక్టర్ కాగితాలు తెచ్చాడు. గొంతు పెంచలేదు.

"నవ్వులాటకన్న మాట వట్టుకోని బండి గుంజుకపోయిన్రు. పోనీ, గరీబోళ్లు, కొన్నొద్దులు నడుపుకోనీ అని ఊకున్న. ఇప్పుడు నాకు అవసరం పడ్డది. ఇయ్యమంటున్న. తప్పా?"

"అందరి ముందటనే గదా ఇచ్చినవు పటేలా" అంది గ్రేస్. "గేటు కాడ నిలవడి సాగనంపినవు."

రఘుపతి ఆమె వైపు చూడనే లేదు. బిక్షమ్మ వైపు తిరిగాడు. ఆమె కిందనే, మోకాళ్లు చాపుకుని, కొంగు తల మీదికి లాక్కుని కూర్చుని ఉంది.

"నువ్వే జెప్పు బిక్షమ్మా. నువ్వేం జెప్తె గదే. నీ తమ్ముని లగ్గానికి బియ్యం పంపిందెవరు? నీ మొగడు సచ్చిన్నాడు పెట్టె తెప్పిచ్చిందెవరు? ఎన్నడన్న ఒక్క మాటన్ననా నిన్ను? జెప్పు. నేను నీకు బండి ఇచ్చిన్నా, నవ్వులాటకన్ననా?"

తల్లి నిజం చెబుతుందనే గ్రేస్ అనుకుంది. ఆ మాట కోసమే చూస్తోంది. బిక్షమ్మ కొంగును ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఎవరో దగ్గారు. ఎవరో బీడీ ముట్టించారు.

"నవ్వులాటకే అన్నడు" అంది చివరికి.

"ఇన్నరా?" అన్నాడు రఘుపతి, మెత్తగా.

బండి ఆయనకు తిరిగిచ్చెయ్యాలనీ, గ్రేస్ కొనిపెట్టిన సామాను ఏదన్నా ఉంటే ఊడదీసుకోవచ్చనీ, అయితే బండి నడిచేలా ఉండాలనీ పెద్దమనుషులు తీర్పు చెప్పారు. న్యాయంగానే చెప్పామని వాళ్లకు తృప్తిగా ఉంది.

ఇంటికొచ్చాక గ్రేస్ తల్లితో ఒక్క మాటే అంది. "నీ నోట్లె నుంచే రావాల్నా అమ్మా గా మాట?"

"గీ ఊర్లనే ఉండాలె బిడ్డా" అంది బిక్షమ్మ. "నాకు నడిచేటందుకు కాళ్లు గూడ లేవు."

మర్నాడు మధ్యాహ్నం గ్రేస్ సామాను విప్పుతుండగా రఘుపతి వచ్చాడు. పందిరి నీడలో నిలబడి బండి చుట్టూ తిరిగి చూశాడు. ముచ్చటపడ్డాడు కూడా.

"మంచిగ జేసినవ్ పిల్లా. అబద్ధమెందుకు? ఇగ నేనే నడుపుకుంట. నా తోట, నా బండి. ఒళ్లు కదిలియ్యుమని డాక్టర్ గూడ అన్నడు." స్ప్రింగుల సీటును అరచేత్తో నొక్కి చూశాడు. "గీ సీటు ఉండనియ్యి. నా నడుముకు సుఖముంటది."

"గది నేను కొన్నది పటేలా."

"తీస్కో తీస్కో. నీ సొమ్ము నాకెందుకు?" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ నవ్వు విన్నాక ఆమె ఊడదీయగలిగినదేదీ వదల్లేదు. సీటు విప్పి పాత ఇనప సీటు బిగించింది. బ్యాటరీ, సెల్ఫ్, లైట్లు, లిఫ్ట్, కొత్త టైర్లు అన్నీ తీసేసి, పాత టైర్లు, పాత హ్యాండిల్ తిరిగి పెట్టింది. చివరికి చక్రాల దగ్గరికి వచ్చింది. డ్రమ్ములు తన సొమ్మే. తీసుకోవచ్చని పెద్దమనుషులే చెప్పారు. తీసేసి, మూలన పారేసిన పాత డ్రమ్ములు, పాత షూలు పెట్టింది. ఆ షూల లైనర్లు నూనె తాగి నల్లటి అద్దాల్లా మెరుస్తున్నాయి. అవి బరువున్న బండిని పట్టి ఆపలేవు.

అంతటితో వదిలేసినా పోయేది. పెడల్ వదులుగా లోపలికి దిగిపోతే, తోలేవాడెవడైనా బ్రేకు లేదని మొదటి తొక్కులోనే తెలుసుకుంటాడు. ఆమె స్పానర్ తీసుకుని, పెడల్‌ను చక్రాల బ్రేకులతో కలిపే బ్రేకు రాడ్డు నట్టు బిగించింది. పెడల్ కాలికి గట్టిగా తగిలేదాకా బిగించింది. ఇప్పుడు ఉత్త బండిని చదును నేల మీద తొక్కితే ఆగుతుంది. కొత్త బ్రేకులే అన్నట్టుంటుంది. వెనక బరువుండి, ముందు దిగుడుంటే ఆగదు.

రఘుపతి తోటలోకి పోయే దిగుడు ఆమెకు తెలుసు. తెల్లబట్టల్లో, భుజం మీద తువ్వాలతో, ఆయన ఆ దిగుట్లో పెడల్ తొక్కుతూ కేకలు పెట్టడం కళ్లముందు కనిపించింది. ఆయన చావాలని ఆమె అనుకోలేదు. చెయ్యో కాలో విరగాలనుకుంది. మంచంలో పడి, దొడ్డికి పోవడానికి కూడా ఇంకొకరి కోసం ఎదురుచూడాలనుకుంది. అది కచ్చితంగా అనుకుంది.

బండి రఘుపతి తోటకు పోయింది. రెండోరోజు పొద్దున్నే ఇస్రాయేలు జిలేబీ పొట్లంతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"పటేల్ పిలిపిచ్చిండు అక్కా! గా ఇనప సీటు మీద ఒక్క చుట్టు తిరిగిండంట, నడుము పట్టుకపోయింది. ఇస్రాయేలూ, నీ అసొంటి డ్రైవర్ నాకేడ దొరుకుతడు, నెల జీతం మీద ఉండు అన్నడు."

గ్రేస్ చేతిలోని ఛాయ్ గ్లాసు కింద పెట్టింది. "నువ్వెందుకు మామా? వద్దను."

"పిచ్చా ఏంది? పని దొరుకక మీ అత్త ముంగట తలకాయ ఎత్తక ఎన్నేండ్లయింది?" అతను గొంతు తగ్గించాడు. "నీకు కోపముంటది బిడ్డా. నాకెరుకే. నేనేం జెయ్యాలె?"

నిజం చెప్పాలనే నోరు తెరిచింది. చెబితే ఏం చేశానో చెప్పాలి, ఎవరి కోసం చేశానో చెప్పాలి. మామ నోట్లో మాట దాగదు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

"పాత బ్రేకులు మామా. పైలంగ తోలు."

ఇస్రాయేలు పెద్దగా నవ్వాడు. "నాకు జెప్తున్నవా? నువ్వు పుట్టకముందుకెళ్లి ఎరుక నాకు దాని సంగతి. గేర్ మీద తోల్త."

ఆ మాటతో ఆమె మనసు కుదుటపడింది. గేర్ మీద తోలితే ఏమీ కాదు. ఆ దిగుట్లో అతను ఏళ్ల తరబడి అట్లాగే దిగాడు. చెప్పాల్సింది చెప్పాను, హెచ్చరించాను అనుకుంది. జిలేబీ కూడా తింది.

ఆ సాయంత్రం అతను తోట నుంచి పోతూ పోతూ వాకిట్లో ఆగాడు.

"ఏం పైలమే! బ్రేకు గట్టిగ వడుతాంది గదా. తొక్కంగనే ఆగుతాంది. కోపం మీదున్నా పని మాత్రం సక్కగ జేసినవ్. పటేల్ మీద కోపంతోటి బ్రేకులు ఖరాబు జేసినవేమో అని జర అనుమానపడ్డ. తప్పయింది బిడ్డా, గట్ల అనుకోవద్దుండె."

అప్పుడు చెప్పాలి. అంతకంటే మంచి సమయం ఉండదని ఆమెకు అప్పుడే తెలుసు. బిక్షమ్మ పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. రేపు పొద్దున్నే తోటకు పోయి, ఏదో వంక పెట్టి రాడ్డు సడలిస్తానని గ్రేస్ మనసులో అనుకుంది. పొద్దున్నే పోలేదు. నల్గొండ బస్సు వచ్చింది, ఎక్కింది. రఘుపతి గేటు తోసుకుని లోపలికి పోయి ఆ బండిని ముట్టుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఫోన్ షెడ్డులో ఉండగా వచ్చింది.

గొర్రె ఎరువు నింపిన ట్రాలీ తగిలించుకుని ఇస్రాయేలు రోడ్డు మీది నుంచి తోటలోకి దిగాడు. బ్రేకు మీద నమ్మకంతో గేరు తగ్గించలేదు. సగం దిగుట్లో పెడల్ తొక్కితే అది రాయిలా గట్టిగానే ఉంది, చక్రాలు మాత్రం ఆగలేదు. వెనక ట్రాలీ నెట్టుకొచ్చింది. కల్వర్టు దగ్గర చిన్న బండి అడ్డం తిరిగి, పక్కకు ఒరిగి, అతని కాలు మీద పడింది. కాయ తెంపే ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు గాని ఎత్తలేకపోయారు. పక్కతోట నుంచి మగవాళ్లు వచ్చేదాకా అతను దాని కిందే ఉన్నాడు. స్పృహలోనే ఉన్నాడు. ఇంజన్ బందు చెయ్యమని వాళ్లకు చెబుతూనే ఉన్నాడట.

దవాఖానలో కుడికాలు తొడ దాకా తీసేశారు.

రఘుపతి రోజూ వచ్చాడు. ఆపరేషన్ ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. మంచం పక్కన నిలబడి, "నా మనిషివిరా నువ్వు, ఫికర్ జెయ్యకు" అని ఇస్రాయేలు తల నిమిరాడు. వార్డులోని వాళ్లంతా అట్లాంటి యజమాని ఉండాలన్నారు. ఆదివారం పాస్టర్ వచ్చి ప్రార్థనలో రఘుపతి పేరు కూడా తలిచాడు. గుర్వమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది. గ్రేస్ గోడకు ఆనుకుని ఇదంతా చూసింది.

చూడలేక ఒకరోజు గుర్వమ్మను దవాఖాన మెట్ల మీదికి తీసుకుపోయి మొత్తం చెప్పేసింది. డ్రమ్ముల సంగతి చెప్పింది. రాడ్డు సంగతి చెప్పింది. ఎవరి కోసం బిగించిందో చెప్పింది. గుర్వమ్మ కొడుతుందనుకుంది, కొడితే బాగుండుననుకుంది.

గుర్వమ్మ కొట్టలేదు. మెట్టు మీద కూర్చుని, కొంగు తీసి మొహం తుడుచుకుంది.

"ఇంకెవరికన్న జెప్పినవా?"

"లేదత్తా. మామకు జెప్త. పటేల్‌కు గూడ జెప్త. ఏం జేస్కుంటరో చేస్కోని."

"జెప్పకు." గుర్వమ్మ గొంతులో కోపం లేదు. బజారులో బేరం చేస్తున్నట్టు ఉంది. "పటేల్‌కు తెలిస్తె రేపటి సంది పైస పెట్టడు. నీ మీద కేసు పెట్టి కూసుంటడు. నువ్వు జైలుకు పోతె నా మొగనికి కాలు మొలుస్తదా? ఆయనకు అసలే జెప్పకు. నువ్వంటె పాణం ఇడుస్తడు ఆయన. గది గూడ ఎందుకు తీసేసుడు?"

"మరి నేనేం జెయ్యాలె?"

"పొద్దుగాల్ల రా. నాకు నడుముల సత్తువ లేదు. లేపాలె, దొడ్డికి తీస్కపోవాలె, నీళ్లు పొయ్యాలె. నువ్వు జెయ్యి." లేచి రెండు మెట్లెక్కి, ఆగి వెనక్కి తిరిగింది. "ఒక్కనాడు గూడ తప్పొద్దు."

గ్రేస్ తప్పలేదు. నల్గొండ షెడ్డు పని మానేసింది. ఇస్రాయేలు దవాఖాన నుంచి ఇంటికొచ్చాక, రోజూ పొద్దున్నే పోయి అతన్ని ఎత్తి కూర్చోబెడుతుంది. బాత్రూముకు మోసుకుపోతుంది. మిగిలిన కాలు కడుగుతుంది. అతను సిగ్గుపడి మొహం పక్కకు తిప్పుకుంటాడు. కూతురు లేని తనకు ఈ కూతుర్ని దేవుడిచ్చాడని అంటాడు. ట్రాక్టరును రఘుపతి పాత ఇనప సామాను వాళ్లకు తూకానికి వేసేశాడు. బిక్షమ్మ కూతుర్ని ఏమీ అడగదు. అన్నం పెట్టేటప్పుడు మాత్రం ఆమె మొహంలోకి చూడడం మానేసింది.

పలకరించడానికి మనుషులు వస్తూనే ఉంటారు. భువనగిరి వైపు నుంచి చుట్టాలు వచ్చిన రోజు గ్రేస్ అప్పుడే అతనికి స్నానం పోసి, మంచం మీద పడుకోబెట్టి, పోవడానికి లేచింది. గుర్వమ్మ ఆమె భుజం పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది.

"కూసో బిడ్డా, ఛాయ్ తాగి పో." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఎట్లయిందో జెప్పయ్యా. వీళ్లు ఇనలేదు."

వచ్చిన ప్రతివాళ్లకూ ఆమె అట్లాగే చెప్పిస్తుంది. గ్రేస్ ఉన్నప్పుడే చెప్పిస్తుంది.

ఇస్రాయేలు దిండుకు ఆనుకుని మొదలుపెట్టాడు. దిగుడు గురించి చెప్పాడు, ట్రాలీ బరువు గురించి చెప్పాడు.

"మరి బ్రేకు వడలేదా బావా?" అని చుట్టాల్లో ఒకామె అడిగింది.

"బ్రేకుకేమైంది, మంచిగుండె. మా గ్రేసు బిగిచ్చిన బ్రేకు గది. తొక్కితె కాలుకు గట్టిగ తగిలింది, నాకింకా యాదున్నది. తప్పు నాదే. గేర్ తగ్గియ్యకపోతి. ముసలితనం, ఏం జేస్త?" అతను గ్రేస్ వైపు చూసి, ఆమె కంటతడి చూసి, చెయ్యి చాపాడు. "ఏడువకే పిచ్చిదానా. నీదేమున్నది ఇందుల?"

గుర్వమ్మ ఛాయ్ గ్లాసు తెచ్చి గ్రేస్ చేతిలో పెట్టింది. ఆమె తాగేదాకా ఎదురుగానే నిలబడింది.